సంతకం నేర్చిన చేతిని మళ్లీ వేలిముద్ర అడుగుతున్నారు

(మహిళా సంఘాల కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉద్యోగులు, ఉపాధి కూలీలు పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"సాంకేతిక పరిజ్ఞానం, స్త్రీల హక్కులు" అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. ఈ విషయం మీద వార్తలకు ఇప్పుడు కొదవ లేదు. పత్రిక తెరిస్తే ఏదో ఒక యాప్ ప్రారంభోత్సవం ఉంటుంది. వేదిక మీద మంత్రిగారు, ఆయన చేతిలో ట్యాబ్, పక్కన చేతులు జోడించి నిలబడ్డ ఒక పేద స్త్రీ. జిల్లా పేజీలోకి వెళ్తే ఇంకో వార్త: "బోగస్ కార్డుల ఏరివేత", "అనర్హులకు చెక్". మొదటి వార్తను అభివృద్ధి అనీ, రెండోదాన్ని నిజాయితీ అనీ మనకు చెప్తారు. ఈ రెండూ ఒకే వార్త అని నా అభిప్రాయం. మొదటి వార్తలో ఫోటోకి నిలబడ్డ స్త్రీయే రెండో వార్తలో పేరు లేని అంకెగా మారుతుంది. ఆ మార్పు ఎలా జరుగుతుందో ఈరోజు మాట్లాడుకుందాం.

"ఏరివేత" అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. అది మన వంటింటి మాట. బియ్యంలో రాళ్లు ఏరే స్త్రీ చేటను వెలుతురుకు తిప్పి, వేలితో జరిపి చూస్తుంది. రాయితో పాటు ఒక్క గింజ కూడా పోకూడదని ఆమె తాపత్రయం. గింజ విలువ ఆమెకు తెలుసు. ప్రభుత్వాలు చేసే ఏరివేతలో ఈ తాపత్రయం కనపడదు. రాళ్లు ఎన్ని పోయాయన్నదే లెక్క. గింజలెన్ని పోయాయని అడిగేవాళ్లుండరు. పైగా పారేసిన గింజే ఆఫీసుల చుట్టూ తిరిగి, తను రాయిని కాదని రుజువు చేసుకోవాలి.

వేలిముద్ర, సంతకం, మళ్లీ వేలిముద్ర

ఈ విషయానికి మన దగ్గర ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు "వేలిముద్రగాళ్లు" అంటే తిట్టు. షావుకారు ప్రామిసరీ నోటు మీద, భూస్వామి కాగితం మీద, కూలి రిజిస్టరులో చదువు రాని వాళ్ల చేత నిశాని వేయించుకునేవారు. కాగితంలో ఏం రాసి ఉందో వేసిన వాళ్లకి తెలిసేది కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు వేల మంది స్త్రీలు రాత్రిబడుల్లో మొదట నేర్చుకున్నది తమ పేరు రాయడం. ఆ రాత్రిబడుల్లో కూర్చున్న స్త్రీలే దూబగుంటలోనూ, ఆ తర్వాత జిల్లా అంతటా సారా దుకాణాలకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ ఉద్యమం గురించి మనం చాలా రాసుకున్నాం. సంతకం గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం.

సంతకం నేర్చుకున్న స్త్రీకి దానితో పాటు ఇంకో శక్తి కూడా వచ్చింది: "పెట్టను" అనగలిగే శక్తి. "ముందు చదివి చెప్పండి, తర్వాత పెడతాను" అని ఆమె అనవచ్చు. సంతకంలో ఒక మనిషి ఇష్టం, అంగీకారం ఉన్నాయి. వేలిముద్రకు అంగీకారంతో పనిలేదు. అది శరీరంలోంచి తీసుకునేది. నిద్రలో ఉన్న మనిషి నుంచి కూడా తీసుకోవచ్చు. ముఖానికైతే వేలు పట్టుకోవలసిన అవసరం కూడా లేదు. దూరం నుంచి కెమెరా చూపిస్తే చాలు.

ఇప్పుడు డిగ్రీ చదివిన అమ్మాయి కూడా రేషన్ దుకాణం దగ్గర వేలు పెట్టాలి. "వేలిముద్ర పడలేదు, రేపు రా" అన్న మాట మీ అందరికీ తెలిసినదే. ఎవరి వేలిముద్రలు పడవు? నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన స్త్రీలవి. పలాసలో జీడిగింజలు ఒలిచి, ఆ జీడి రసానికి చర్మం కాలిన స్త్రీలవి. నాలుగిళ్లలో అంట్లు తోమే వాళ్లవి, ముసలివాళ్లవి. అంటే శ్రమ చేసిన చేతిని యంత్రం గుర్తుపట్టదు. పని చేయని చేయి మాత్రం చక్కగా పలుకుతుంది. దీన్ని ఇంజనీర్లు సాంకేతిక లోపం అంటారు. సమాజశాస్త్రం చదువుకున్న దాన్నిగా నేను దీన్ని వర్గ, కుల, జెండర్ సమస్య అంటాను.

మస్టరులో ఫోటో

మూడు ఉదాహరణలు తీసుకుంటాను. మొదటిది ఉపాధి హామీ.

2006 ఫిబ్రవరి 2న ఈ పథకాన్ని దేశం మొత్తానికి ప్రారంభించింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. చట్టం ప్రకారం కనీసం మూడోవంతు పని స్త్రీలకు ఇవ్వాలి. వాస్తవంలో వాళ్ల వాటా సగం దాటింది. ఆడమగ కూలి ఒకటే కావడం, ఊరి పక్కనే పని దొరకడం, డబ్బు తన ఖాతాలో పడడం, ఇవి చిన్న విషయాలు కావు. భూస్వామి చెప్పిన కూలికి "రాను" అనగలిగే అవకాశం చాలామంది దళిత స్త్రీలకు మొదటిసారి ఈ పని వల్లే వచ్చింది.

2021లో కేంద్రం జాతీయ మొబైల్ పర్యవేక్షణ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా అది తప్పనిసరి అయింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి ఎక్కించాలి. దీని అర్థం ఏమిటో బయటివాళ్లకి తెలియదు. మన దగ్గర ఎండాకాలంలో కూలీలు తెల్లవారకముందే వెళ్లి, కొలతల ప్రకారం తమ వంతు మట్టి తవ్వి, ఎండ ముదరకముందే ఇంటికి చేరేవారు. ఇంటికొచ్చి వంట, పశువులు, పిల్లలు. కొలతను బట్టి కూలి కనుక పని అయ్యాక ఉండాల్సిన అవసరం లేదు. యాప్ వచ్చాక పని అయిపోయినా రెండో ఫోటో కోసం ఉండాలి, లేదా ఇంటికెళ్లి మళ్లీ ఎండలో పడి రావాలి. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే ఆ రోజు గైరుహాజరే. తవ్విన గుంట కళ్లెదుట ఉంటుంది. మస్టరులో మాత్రం మనిషి ఉండదు.

ఇంత చేసి మోసం ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఒక ఉత్తర్వు పంపింది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారనీ, పనిచోట ఫోటో తీయకుండా పాత ఫోటోకే ఫోటో తీస్తున్నారనీ, మస్టరులో రాసిన ఆడమగ లెక్కకూ ఫోటోలో కనపడే మనుషులకూ పొంతన లేదనీ అందులో ఉంది. అందుకని గ్రామ పంచాయతీ స్థాయిలో మనుషులే కూర్చుని ఫోటోలన్నిటినీ సరిచూడాలని ఆదేశించారు. అంటే దొంగకు కొత్త దారి దొరికింది. కూలికి మాత్రం పాత దారి మూసుకుపోయింది.

దానికి తోడు 2024 జనవరి 1 నుంచి కూలి చెల్లింపు ఆధార్ పద్ధతిలోనే అన్నారు. ఆ గడువుకు ముందు ఏం జరిగిందో చూడండి. 2022–23 ఒక్క సంవత్సరంలో దేశవ్యాప్తంగా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల నుంచి తీసేశారు. ఇది ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్క. అందులో ఆంధ్రప్రదేశ్‌లోనే దాదాపు 78 లక్షలు. నకిలీ కార్డులు, ఊళ్లో లేరు, పని చేయడం ఇష్టం లేదు, చనిపోయారు అని కారణాలు రాశారు. ఇందులో నిజమైనవి కొన్ని ఉండవచ్చు. కానీ "పని చేయడం ఇష్టం లేదు" అని ఆ స్త్రీల తరఫున ఎవరు చెప్పారు? ఎవరి సంతకం ఉంది ఆ కాగితం మీద?

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో "వికసిత్ భారత్ – జీ రామ్ జీ" పేరుతో కొత్త చట్టం చేసింది. 100 రోజుల్ని 125 చేశామని పత్రికల నిండా వచ్చింది. ఖర్చులో చాలా రాష్ట్రాలు 40 శాతం భరించాలనీ, వ్యవసాయ పనుల కాలంలో 60 రోజులు ఈ పనులు ఆపవచ్చనీ, బయోమెట్రిక్ గుర్తింపు, కృత్రిమ మేధ ఇక చట్టంలోనే భాగమనీ లోపలి పేజీల్లో వెతుక్కోవలసి వచ్చింది. వ్యవసాయ పనుల కాలంలో ఈ పని ఆగితే ఎవరికి లాభమో, "రాను" అనగలిగిన స్త్రీ అప్పుడు ఏమవుతుందో నేను మీకు చెప్పనక్కర్లేదు.

రిక్షావాడి కారు

రెండో ఉదాహరణ రేషన్ కార్డులు. తెలంగాణలో "సమగ్ర వేదిక" అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు వంటి రకరకాల ప్రభుత్వ జాబితాలను కలిపి, ఒక మనిషి పేరు మీద ఏమున్నాయో అది అంచనా వేస్తుంది. నేను "అంచనా" అన్న మాట కావాలనే వాడుతున్నాను. పేరు, చిరునామా దగ్గర దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒకరే అని అది ఊహిస్తుంది.

రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డులు ముందస్తు నోటీసు లేకుండా రద్దయ్యాయని హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమంది. ఆ జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే వందలో ఏడుగురికి పైగా. పైగా ఇది మళ్లీ దరఖాస్తు పెట్టుకోగలిగిన వాళ్ల లెక్క. కార్డు పోయాక ఎక్కడ అడగాలో తెలియక ఊరుకున్న వాళ్లు ఇందులో లేరు. 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధనాత్మక కథనంలో హైదరాబాద్ ముసలావిడ ఒకరున్నారు. ఆమె భర్త రిక్షా తొక్కి బతికిన మనిషి. కంప్యూటర్ ఆయన పేరును ఇంకెవరి పేరుతోనో కలిపి, ఆయనకు కారు ఉందని తేల్చింది. ఆ కారు పేరుతో ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి.

ఇందులో స్త్రీల సంగతి ప్రత్యేకంగా చూడాలి. మన స్త్రీల పేర్లు ఎక్కడా ఒకేలా ఉండవు. బడి రిజిస్టరులో తండ్రి ఇంటిపేరు, ఆధార్‌లో భర్త ఇంటిపేరు, ఓటరు జాబితాలో ఏ ఇంటిపేరూ ఉండకపోవచ్చు. ఇంట్లో లక్ష్మి, కాగితంలో వరలక్ష్మి. ఆ లక్ష్మిని ఇంగ్లీషులో ఒక గుమాస్తా కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తాడు, ఇంకొక గుమాస్తా ఎక్స్ పెట్టి రాస్తాడు. మగవాడికి పుట్టినప్పటి నుంచీ ఒకటే ఇంటిపేరు. కనుక పేర్లను పోల్చే యంత్రానికి మగవాడు స్థిరంగా కనపడతాడు, స్త్రీ అనుమానాస్పదంగా కనపడుతుంది. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మార్చింది పితృస్వామ్యం. మారిన పేరును నేరంలా చూస్తున్నది కంప్యూటర్. శిక్ష మాత్రం ఆమెకే.

పుట్టింటికెళ్లిన బాలింత

మూడోది అంగన్‌వాడీ. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. ఫోన్లు పనికిరావనీ, యాప్ ఇంగ్లీషులో ఉందనీ ఆ ఆగస్టులోనే మహారాష్ట్రలో పెద్ద సంఖ్యలో అంగన్‌వాడీ ఉద్యోగులు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చేసి నిరసన తెలిపారు. 2025 జూలై 1 నుంచి ఇంటికి తీసుకెళ్లే పోషకాహారానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ముందు ఆధార్‌తో సరిచూడాలి. దానికి ఫోన్‌కు ఓటీపీ రావాలి. తర్వాత ప్రతి నెలా ముఖం చూపించాలి.

మీలో అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు. ఇది నాకంటే మీకే బాగా తెలుసు. ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు కొంత పెరిగి ఉంటాయి. కానీ ఒక గర్భిణి పౌష్టికాహారం ఆమె భర్త జేబులో ఉన్న ఫోన్ మీద ఆధారపడటం అంకెలు పెరిగినంత మాత్రాన న్యాయం కాదు. భర్త పనికి వలస వెళ్లి ఉంటాడు. లేదా అలిగి ఉంటాడు. లేదా ఆమెను కొట్టి పంపేసి ఉంటాడు. ఆమెకు రావలసిన ఆహారానికి అతని ఓటీపీ ఎందుకు?

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. బాలింత నెలల తరబడి తల్లి దగ్గరే ఉంటుంది. పేరు అత్తగారి ఊళ్లో, ముఖం పుట్టింట్లో. ఇంతకు ముందు అత్తో, ఆడబిడ్డో వెళ్లి సంతకం పెట్టి తెచ్చేవారు. టీచరుకు ఆ ఇంటి సంగతి అంతా తెలుసు కనుక ఇచ్చేది. ఆ తెలివిడికి ఇప్పుడు విలువ లేదు. పదేళ్లుగా రోజూ చూస్తున్న మనిషిని "ఈమె ఫలానా" అని చెప్పే అధికారం టీచరుకు లేదు, ఫోన్‌కు ఉంది.

ఆ ఫోన్ ఎంత నమ్మదగిందో కూడా చూద్దాం. 2018లో అమెరికాలో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు ఒక పరిశోధన చేశారు. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షిస్తే, తెల్ల మగవాళ్ల విషయంలో తప్పులు ఒక శాతం కూడా లేవు. నల్లని స్త్రీల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా ఉన్నాయి. ఆ తర్వాత ప్రోగ్రాములు మెరుగయ్యాయి అంటారు. అయి ఉండవచ్చు. మా ఊరి ఎండలో, చౌక ఫోన్‌తో, బిడ్డను చంకనేసుకున్న నల్లని స్త్రీ ముఖం ఎన్నిసార్లు తప్పుతోందో ప్రభుత్వం ఊరివారీగా లెక్క ప్రకటించాలి కదా? యాప్ అన్నీ లెక్కపెడుతుంది; తన తప్పుల్ని మాత్రం పంచాయతీ గోడ మీద రాయదు.

ఈ పని అంతా చేసే టీచరు సంగతేమిటి? ఆమె గౌరవ వేతనంలో కేంద్రం వాటాను 2018లో 4,500 రూపాయలుగా నిర్ణయించారు. 2023 డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ ఉద్యోగులు 42 రోజులు సమ్మె చేశారు. జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. జీతం అడిగితే మీది స్వచ్ఛంద సేవ, అందుకే గౌరవ వేతనం అంటారు. పని ఆపితే మీది అత్యవసర సేవ అంటారు. స్త్రీల శ్రమను రాజ్యం ఎలా చూస్తుందో ఈ రెండు మాటల్లో ఉంది. ఆ శ్రమకు ఇప్పుడు యాప్‌లో అంకెలు ఎక్కించే శ్రమ తోడైంది. దానికి వేరే వేతనం లేదు.

ఎవరు ఎవరికి రుజువు చూపాలి?

ఈ మూడింటిలోనూ జరిగింది ఒకటే. రుజువు భారం చేతులు మారింది. ఇవి చట్టం ఇచ్చిన హక్కులు. ఒక స్త్రీకి పనో, బియ్యమో, ఆహారమో నిరాకరిస్తే ఎందుకు నిరాకరించిందో ప్రభుత్వం చెప్పాలి. ఇప్పుడు ఆమే నెలనెలా తను బతికి ఉన్నాననీ, తను తనేననీ, తనకు కారు లేదనీ రుజువు చూపించాలి. నిరాకరించినవాడు ఎవరో కూడా తెలియదు. డీలరును అడిగితే "మిషన్ తీసుకోలేదు" అంటాడు. ఎమ్మార్వో ఆఫీసులో "పైనుంచి తీసేశారు" అంటారు. తెలుగు వ్యాకరణంలో ఇంత సౌకర్యమైన వాక్యం ఇంకోటి లేదు, దానిలో కర్త ఉండడు. వెనకటి కరణంతో పోట్లాడే వీలుండేది. మండలాఫీసు ముందు బైఠాయించే వీలుండేది. సాఫ్ట్‌వేర్ ముందు ఎక్కడ కూర్చోవాలి?

ఇదే రాజ్యం తన రహస్యాల దగ్గర ఎలా ఉంటుందో 2024లో చూశాం. ఎన్నికల బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసి, వివరాలు బయటపెట్టమంది. కొన్నవారి వివరాలు ఒకచోట, తీసుకున్న పార్టీల వివరాలు ఇంకోచోట ఉన్నాయి, కలిపి చూడటానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. 2019 ఏప్రిల్ నుంచి అమ్ముడైన బాండ్లు 22,217. కోర్టు గట్టిగా మందలిస్తే ఒక్క రోజులో వివరాలు ఎన్నికల సంఘానికి చేరాయి. రిక్షావాడి పేరును కారుతో కలపడానికి తీరిక ఉన్న దేశంలో, కోట్ల రూపాయల బాండును పార్టీతో కలపడానికి నెలలు కావాలట!

సమాచార హక్కు సంగతీ ఇంతే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని ఒక కీలకమైన సెక్షన్‌ను మార్చారు. ఆ మార్పు 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. "వ్యక్తిగత సమాచారం" అని పేరు పెడితే చాలు, ఇవ్వం అనవచ్చు. మన ముఖాలు, వేళ్లు, ఇంటిపేర్లు వాళ్ల దగ్గర ఉంటాయి. మస్టరులో ఎవరి పేర్లున్నాయో, కాంట్రాక్టు ఎవరికిచ్చారో మనం అడిగితే అది వ్యక్తిగతం. పారదర్శకత అంటే పేదలు గాజు గోడల మధ్య, పాలకులు ఇటుక గోడల వెనక ఉండటమా?

మరి దొంగల సంగతి?

"అయితే అవినీతి ఉండనివ్వమంటారా?" అని నన్ను చాలా చోట్ల అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. మస్టరులో దొంగ పేర్లు ఉండేవి. డీలర్లు బియ్యం అమ్ముకునేవారు. ఆ దొంగతనంలో నష్టపోయింది కూడా పేద స్త్రీలే. కనుక దీనికి జవాబు మనమే చెప్పాలి.

జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని 2006 నుంచే మన దగ్గర మొదలుపెట్టారు. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువతీ యువకులు ఇంటింటికీ తిరిగి, మస్టరులో రాసిన పేర్లూ రోజులూ కూలీలకే చదివి వినిపించేవారు. తర్వాత మండలంలో ప్రజావేదిక. అక్కడ ఒక స్త్రీ మైకు ముందు నిలబడి, "నేను ఆ పనికి వెళ్లలేదు, నా పేరున డబ్బు ఎవరు తీసుకున్నారు?" అని అధికారి ముఖం మీద అడిగేది. అందులో లోపాలు లేవని నేను అనను. తనిఖీలో తేలిన సొమ్ము చాలాచోట్ల వసూలు కాలేదు. కానీ ఆ పద్ధతిలో అనుమానం కింది నుంచి పైకి వెళ్లేది. యాప్‌లో అనుమానం పై నుంచి కిందికి వస్తుంది. నాకు కనిపించే తేడా ఇదే.

సాంకేతికత మీద మన ప్రభుత్వాలకున్న మోజు కొత్తది కాదు. 1998లో భూముల రిజిస్ట్రేషన్‌లో కంప్యూటర్లు పెట్టి ఇక దళారులు ఉండరన్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఎవరు కూర్చుంటున్నారో వెళ్లి చూడండి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో "మన మిత్ర" పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో పెట్టారు. ఫోన్ ఉన్నవాళ్లకు అది సుఖమే. ఫోన్ లేని స్త్రీకి మిత్రుడు ఎవరన్నదే నా ప్రశ్న.

కెమెరా ఎవరి చేతిలో ఉంది?

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టి తమ పంటల గురించీ, విత్తనాల గురించీ సినిమాలు తీశారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలైంది; దాన్ని నడిపింది కూడా వాళ్లే. వాళ్ల చేతిలోనూ అదే కెమెరా, అదే విద్యుత్తు. ఏం చూపించాలో, ఏం చూపించకూడదో వాళ్లే నిర్ణయించుకున్నారు. కెమెరా వెనక నిలబడ్డ స్త్రీకీ, కెమెరా ముందు రోజుకు రెండుసార్లు నిలబెట్టిన స్త్రీకీ మధ్య ఉన్న తేడాయే మన రాజకీయం.

అందువల్ల మన సంఘాలు అడగవలసినవి కొన్ని చెప్తాను. ఒకటి, తెలుగులో రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కారణం చెప్పి, జవాబుకు గడువు ఇవ్వకుండా ఏ జాబితా నుంచీ ఏ పేరూ తీయకూడదు. రెండు, యంత్రం పలకని చోట రిజిస్టరులో సంతకం పెట్టించుకుని అక్కడికక్కడే ఇవ్వాలి. "రేపు రా" అన్న మాట ఉండకూడదు. మూడు, పుట్టింట్లో ఉన్న బాలింత తరఫున తీసుకోవటానికి ఆమె పేరు చెప్పిన మనిషికి హక్కు ఉండాలి. నాలుగు, ఏ జాబితాలను కలుపుతున్నారో, ఏ నియమం మీద తీసేస్తున్నారో, ఎన్ని తప్పులు వచ్చాయో బహిరంగంగా ప్రకటించాలి. ఐదు, యాప్ పనిని పనిగా గుర్తించి దానికి వేతనం, సరైన ఫోన్, డేటా ఖర్చు ఇవ్వాలి. ఆరు, వ్యక్తిగత సమాచారం పేరుతో సామాజిక తనిఖీలను మూయకూడదు.

ఇవి ఢిల్లీలోనో, అమరావతిలోనో, హైదరాబాద్‌లోనో తేలవలసినవని ఊరుకోవద్దు. ఒక పని మీ ఊళ్లోనే చేయవచ్చు. మళ్లీ గ్రామసభ జరిగినప్పుడు కొత్తగా ఎవరి పేర్లు చేర్చారో వాళ్లు చదువుతారు. అప్పుడు లేచి, తీసేసిన పేర్లు కూడా చదవమని అడగండి. ఒక్కో పేరూ గట్టిగా చదవమనండి. ఆ పేరు గల మనిషి అక్కడే కూర్చుని ఉండవచ్చు.